రెండు వేళ్ళ కోపం

తూబా ఖానుం అన్న మాటను పోయిన వారం చదివినవాళ్ళు ఇంత త్వరగా మరిచిపోయి ఉండరు. చదవనివాళ్ళ కోసం ఇంకోసారి చెప్పుకుంటే తప్పులేదు, ఆ మాట మగ్గం చుట్టూ ఇంకా తిరుగుతూనే ఉంది కనుక. రావర్ అనే ఊళ్ళో హాజీ యదుల్లా తివాచీల కార్ఖానా. అందులో ఏడుగురు ఆడవాళ్ళు ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని నేసే పెద్ద మగ్గం. ఆ మగ్గానికి నమూనా పాడే ముసలి ఉస్తా బీబీ ఖావర్ గొంతు పోయి పీట దిగింది. దిగుతూ ఆ పీటను తన దగ్గర పని నేర్చిన గోలందామ్‌కి ఇచ్చింది. పదేళ్ళుగా ఆ పీట తనదేనని నమ్ముకున్న తూబా, ఒక మంగళవారం పొద్దున అందరూ వింటుండగా అడిగింది: "మొగుడు వదిలేసి పోయినదాని నోట్లో రంగు నిలుస్తుందా?"

గోలందామ్ చిరునవ్వు నవ్వి, నమూనా కాగితం మీద వేలు పెట్టి, తర్వాతి వరస పాడింది. ఆ నవ్వుకి ఊళ్ళో ఎంత పేరొచ్చిందంటే, సాయంత్రానికి రొట్టెల దుకాణం ముందు నిలబడ్డ ఆడవాళ్ళు కూడా "ఓర్పంటే గోలందామ్‌దేనమ్మా" అనుకున్నారు. గోలందామ్ కూడా అదే అనుకుంది. మనిషికి మంచిపేరు వస్తుంటే వద్దనుకోవడం కష్టం.

ఆ మంగళవారం గడిచి నేటికి పదహారు పనిదినాలు. ఈ శనివారం పొద్దున కార్ఖానాలో అందరూ భుజాలు పట్టుకుని కూర్చున్నారు.

"నా భుజం మా అత్తగారికన్నా ఎక్కువ సణుగుతోంది," అంది సనోబర్. లావుపాటి మనిషి, ఎడమ చివర కూర్చుంటుంది. "ఈ చలిగాలి ఉంది చూడండి, కిటికీ సందులోంచి నన్నే వెతుక్కుంటూ వస్తుంది."

"నేనైతే రాత్రి నువ్వుల నూనె కాచి రాసుకున్నా," అంది పక్కామె.

"నువ్వు రాసుకున్నావు. నేను తాగితే గానీ తగ్గేట్టు లేదు."

అందరూ నవ్వారు. నడుమ కూర్చునే తూబా మాత్రం నవ్వలేదు. గోలందామ్ నవ్వింది, కానీ తూబా వైపు చూడకుండా నవ్వింది. పదహారు రోజులుగా తూబా వైపు చూడకుండానే అన్ని పనులూ జరుపుకొస్తోంది. ఎదురెదురు ఇళ్ళ వాళ్ళయితే మొహం తిప్పుకోవడం తేలిక. ఒకే మగ్గం దగ్గర అది రోజంతా చెయ్యాల్సిన పని.

ఆ మగ్గం పని తీరు ఇలా ఉంటుంది. నేసేవాళ్ళకి నమూనా కనిపించదు. వాళ్ళ వెనక ఎత్తు పీట మీద ఉస్తా కూర్చుని కాగితం చూస్తూ రంగులు పాడుతుంది. "మూడు ఎరుపు, ఒకటి నీలం, దాటితే ఒంటె రంగు రెండు..." అని ఆమె పాడితే, "వేశాం, వేశాం" అని ఏడుగురూ అదే రాగంలో పలుకుతూ ముడులు వేస్తారు. వరస పూర్తయితే పేక దూర్చి ఇనుప దువ్వెనలతో కొడతారు. కాగితం మీద ఉండేది సగం తివాచీయే. కింది సగం నేశాక అదే కాగితాన్ని చివర నుంచి వెనక్కి చదువుతూ పై సగం పాడాలి. కిందనున్న ప్రతి పువ్వుకీ పైన ఒక కవల పువ్వు ఉంటుంది. నేసిన భాగం కింది దూలానికి చుట్టుకుపోతుంది కాబట్టి ఆ కవలలు ఒకదాన్నొకటి చూసుకునేది తివాచీ కోసి నేల మీద పరిచిన రోజునే.

అందుకే బీబీ ఖావర్ పీట పక్క మేకుకి ఒక పాత తాడు వేలాడుతుండేది. పువ్వుకొక ముడి చొప్పున వేసిన తాడు. ప్రతి గురువారం ఉస్తా ఒక కొస, మగ్గం దగ్గర అందరికన్నా పెద్దదైన తూబా ఇంకో కొస పట్టుకుని, ఆ వారం నేసినదాన్ని కొలవాలి. పీట అప్పజెప్పిన రోజు బీబీ గోలందామ్ చేతిలో పెట్టింది ఆ తాడునే.

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు కన్నా ముందు గొంతు వినిపించింది. హాజీ గారి పెద్దకొడుకు ఫర్రూఖ్. హాజీకి మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి కార్ఖానా చూసేది ఇతనే. ముప్పై రెండేళ్ళవాడు, పని తెలిసినవాడు, చెడ్డవాడేం కాదు. కాకపోతే ఉప్పు అడగాలన్నా ఊరంతా వినేట్టు అడుగుతాడు.

"మధ్య పువ్వు ముగిసిందా? ఇవాళ ముగియాలి!"

"రెండు వరసలున్నాయి ఆఘా," అంది గోలందామ్.

"మరైతే తాడు ఇటివ్వండి. యజ్ద్ నుంచి వర్తకుడి మనిషి కబురు పంపాడు. కొండల మీద మంచు పడకముందే సరుకు తీసుకుంటాడట."

అతనే మేకు మీది తాడు లాగాడు. ఒక కొస సనోబర్‌కి ఇచ్చి, రెండోది తను పట్టుకుని, మధ్య పువ్వు నడుము నుంచి కొస వరకు బిగించాడు. మళ్ళీ బిగించాడు. ఇంకోసారి, ఈసారి కళ్ళు దగ్గరపెట్టి చూశాడు. పువ్వు కొస తాడు ముడికి అందలేదు. మిగిలిన రెండు వరసలూ కలుపుకున్నా రెండు వేళ్ళు తక్కువ.

"ఇదేంటి?" అన్నాడు. చిత్రంగా మొదటిసారి మెల్లగానే అన్నాడు. ఆ తర్వాత పైకప్పు ఎగిరేట్టు అరిచాడు. "ఇదేంటి అంటున్నా! కింది సగం ఒక ఎత్తు, పై సగం ఒక ఎత్తా? అతిథిశాల మధ్యలో పరిచే తివాచీ ఇది. నడుం విరిగిన ఒంటెలా ఉంటే ఎవడు కొంటాడు? గురువారం కొలతలు ఏమైనట్టు?"

అతని చూపు బల్ల వెంట ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, నడుమ ఆగింది.

"దువ్వెనతో గట్టిగా కొడితేనే వరసలు కుంచించుకుపోతాయి, అంతేగా? మధ్య పువ్వు దగ్గర కూర్చునేది ఎవరు? తూబా ఖానుం. మొదటి నుంచీ చెయ్యి బరువని పేరెవరికి? తూబా ఖానుంకి." గోలందామ్ వైపు తిరిగాడు. "మా తాత నాటి నుంచి ఇక్కడ రివాజు ఒకటే. మగ్గం చెడితే చెడగొట్టినవాళ్ళు బల్ల దిగాలి. పేరు చెప్పాల్సింది ఉస్తా. చెప్పండి. మీరు ఊఁ అంటే చాలు, ఇవాళే పంపించేస్తా."

అబద్ధమెందుకు, గోలందామ్‌కి సంతోషం కలిగింది. చాలా సంతోషం కలిగింది. పదహారు రోజులుగా రాత్రి పడుకునే ముందు తను మనసులో తూబాకి చెప్పుకుంటున్న జవాబులన్నీ ఒక్క 'ఊఁ'లో ఇమిడిపోయేట్టున్నాయి. తను నోరు పారేసుకోనక్కర్లేదు. తన మంచిపేరు తనకే ఉంటుంది. తూబా తన మూటేదో తను కట్టుకుని గుమ్మం దాటిపోతుంది.

తూబా బతిమాలలేదు. దువ్వెన ఒళ్ళో పెట్టుకుని వేలికి చుట్టుకున్న గుడ్డ పేలిక విప్పడం మొదలుపెట్టింది. ఆమె మొగుడు మూడేళ్ళుగా మంచం మీద ఉన్నాడు. ఈ బల్ల మీద ఉన్న మూరెడు చోటే ఆ ఇంటికి ఆధారం. గుడ్డ ముడి బిగుసుకుపోయి ఎంతకీ రాలేదు. తూబా దాన్ని పళ్ళతో పట్టి లాగింది.

ఆ లాగడం చూశాక గోలందామ్ గొంతులోకి వచ్చిన 'ఊఁ' అక్కడే ఆగింది. జాలి పడిందనుకుంటారేమో, ముందు వచ్చింది జాలి కాదు, సిగ్గు. గురువారం కొలతలు ఏమైనట్టు అని ఫర్రూఖ్ అడిగిన ప్రశ్నకి జవాబు ఈ గదిలో తన ఒక్కదానికే తెలుసు. మూడు గురువారాలు తాడు మేకు మీదే ఉంది. కొలవాలంటే రెండో కొస తూబాని పట్టుకోమనాలి. పట్టుకోమని అడగాలంటే మాట్లాడాలి. ఆ మాట్లాడడం ఇష్టంలేకే 'ఈ వారం తొందరగా ఉంది, వచ్చే వారం చూద్దాం' అని మూడుసార్లు దాటేసింది.

పీట దిగింది. సనోబర్ చేతిలోని కొస అందుకుని తూబా ముందు నిలబడింది.

"తూబా ఖానుం, ఈ కొస పట్టుకోండి."

పదహారు రోజుల్లో ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది. తూబా తలెత్తి చూసింది.

"నన్ను పంపించే తాడు నా చేతే పట్టిస్తావా అమ్మాయ్?"

"పట్టుకోండి. ఎడమ అంచు నుంచి కొలుద్దాం."

ఎడమ అంచులో, సనోబర్ నేసినచోట రెండు వేళ్ళు తక్కువ. నడుమ తూబా దగ్గర రెండు వేళ్ళు తక్కువ. కుడి అంచులో కూడా అంతే. గోలందామ్ వరస మీద అరచేయి పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకి నిమిరింది. వరస నీళ్ళు నింపిన పళ్ళెంలా సమంగా ఉంది.

"ఆఘా ఫర్రూఖ్, తూబా ఖానుం ఒక్కతే గట్టిగా కొట్టి ఉంటే నడుమ మాత్రమే గుంట పడాలి కదా. చూడండి, వరస ఎక్కడా వంగలేదు. ఏడుగురూ ఒకేలా గట్టిగా కొట్టారు."

"ఏడుగురూ కూడబలుక్కున్నారా?"

గోలందామ్ సనోబర్ వైపు తిరిగింది. "సనోబర్, దాచకుండా చెప్పు. ఈ మధ్య నా పాట ఎలా ఉంటోంది?"

సనోబర్ అందరి మొహాలూ చూసింది. ఎప్పుడూ తడుముకోని మనిషి తడుముకుంది. "నువ్వు ఒక్క పరుషమైన మాట అనలేదు గోలందామ్ జాన్. దేవుడి మీద ఒట్టు. నవ్వుతూనే పాడుతున్నావు. కానీ..."

"కానీ?"

"నీ పాట మమ్మల్ని వెనక నుంచి తరుముతున్నట్టుంటుంది. వేశాం అనేలోపే తర్వాతి రంగు మీదపడుతుంది. నువ్వు ఎవరి మీదో కోపంగా ఉన్నావని తెలుస్తుంది గానీ, నవ్వుతున్న మనిషిని ఏమని అడుగుతాం? ఎవరి మీదో తెలీక ప్రతిదీ నా మీదేనేమో అనుకున్నాం. అందుకని చేతిలో ఉన్న దువ్వెన మీద చూపించాం." భుజం రుద్దుకుంది. "చలిగాలి అనుకున్నానా, కాదన్నమాట ఇది."

ఏడుగురిలో ఐదుగురి చేతులు వాళ్ళకి తెలియకుండానే భుజాల మీదికి వెళ్ళాయి. గోలందామ్ అది చూసి కళ్ళు దించుకుంది. తను నోరు మూసుకుని మింగేశాననుకున్న కోపం ఎక్కడికీ పోలేదు. పదహారు రోజులుగా రాగంలో కలిసి పద్నాలుగు చేతుల్లోకి పాకి, చివరికి పువ్వులో పేరుకుంది. తూబా నోటి దురుసు ఒక్క పూట పని. తన నవ్వు పదహారు రోజులు నడిచింది.

"పేరు చెప్పమన్నారు కదా ఆఘా," అంది. "గోలందామ్ అని రాసుకోండి. మగ్గం చెడగొట్టింది నేను. కొలతలు తప్పించింది కూడా నేనే. తూబా ఖానుంతో మాట్లాడాల్సి వస్తుందని మూడు గురువారాలు తాడు ముట్టుకోలేదు."

ఫర్రూఖ్ మొహం దానిమ్మ గింజలా ఎర్రబడింది. "నవ్వుతూ నవ్వుతూ నా తివాచీ నాశనం చేశావా? ఓర్పు, ఓర్పు అని ఊరంతా పొగుడుతుంటే నేనూ నిజమే అనుకున్నాను! నీకు పీట ఇచ్చినందుకు మమ్మల్ని అనాలి! ఆ ముసలావిడ..."

గోలందామ్ చెవులు వేడెక్కాయి. అలవాటు ప్రకారం పెదవుల మీదికి ఆ నవ్వు రాబోయింది. సరిగ్గా అప్పుడే ఆమెకు బీబీ ఖావర్ అలవాటొకటి గుర్తొచ్చింది. బీబీ అప్పుడప్పుడూ పాట మధ్యలో, ఏ కారణమూ లేకుండా, కాగితం మీది వేలు తీసేసి "టీ" అనేది. మగ్గం ఆగిపోయేది. ముసలావిడకి టీ పిచ్చి అని అందరూ నవ్వుకునేవాళ్ళు. ఇరవై ఏళ్ళు ఆమె కింద పనిచేసి కూడా అది టీ కోసం కాదని తోచనందుకు గోలందామ్ తనని తాను తిట్టుకుంది.

"ఆఘా, ఆగండి," అంది. "మీకు కోపం వచ్చింది. నాకూ వచ్చింది. ఇప్పుడు ఏది తేల్చుకున్నా తప్పే తేల్చుకుంటాం. ముందు టీ తాగుదాం."

ఈ కార్ఖానాలో ఫర్రూఖ్‌ని ఎదిరించినవాళ్ళున్నారు, ఏడ్చినవాళ్ళున్నారు, కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళున్నారు. 'మీకు కోపం వచ్చింది' అని కబురు చెప్పినట్టు చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. సనోబర్ సమయం చూసి గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టేసింది. వేడి గ్లాసు పట్టుకుని అరవడం ఎవరికైనా కష్టమే. చక్కెర ముక్క పళ్ళ మధ్య పెట్టుకున్నాక మరీ కష్టం.

రెండో గ్లాసు అయ్యేసరికి అతని గొంతు మామూలు మనిషి గొంతైంది. "ఎన్ని రోజులు పడుతుంది?"

"విప్పడానికి నాలుగు రోజులు. మళ్ళీ నెయ్యడానికి పదహారు. తొందరపెట్టి పాడితే పద్నాలుగులో అవుతుంది గానీ నేను తొందరపెట్టను. విప్పే పని నాది. ఆ తర్వాత పీట మీద ఎవరుండాలో మీ ఇష్టం. తూబా ఖానుం మాత్రం బల్ల దిగకూడదు."

"మంచు త్వరగా పడితే?"

"పడితే నేనే వెళ్ళి ఆ వర్తకుడి మనిషికి చెప్పుకుంటాను. ఇప్పుడు మీకు చెప్పినట్టే."

ఫర్రూఖ్ ఖాళీ గ్లాసు సనోబర్ చేతికిచ్చాడు. "ఇరవై రోజులు," అన్నాడు. "పీట సంగతి తర్వాత." లేచి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు తలుపు మెల్లగా వేశాడని సనోబర్ సాయంత్రం దాకా చెప్పుకుంది.

గోలందామ్ చిన్న కత్తెర తీసుకుని బల్ల మీద కూర్చుని, పై వరస నుంచి ముడులు తెంపడం మొదలుపెట్టింది. ఒంటరిగా ఓ పది ముడులు తీసిందో లేదో పక్కన బల్ల కిర్రుమంది. తూబా ఇంకో కత్తెరతో కూర్చుంది.

"ఇది నా పని తూబా ఖానుం."

"ముడి వేసింది నా చెయ్యి. విప్పడం దానికీ తెలుసు." కాసేపటికి, కళ్ళు దారం మీదే పెట్టి మళ్ళీ అంది. "నన్నేదో కాపాడేశానని గొప్పలు పోకు. ఆ రోజే నన్ను నాలుగు తిట్టి ఉంటే ఈపాటికి పువ్వు నిటారుగా ఉండేది."

"ఇప్పుడు తిట్టమంటారా?"

"ఇప్పుడా? వద్దులే. చేతిలో కత్తెరుంది."

బల్ల మీద ఉన్నవాళ్ళందరూ పగలబడి నవ్వారు. గోలందామ్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఆ మాట నాకు చాలా నొప్పి పుట్టించింది," అంది. "నలుగురిలో అన్నందుకు కాదు. రోజూ నాలో నేను అనుకునే మాటే మీరు పైకి అన్నారు."

తూబా కత్తెర ఆగింది. "మంచి నోరు కాదమ్మాయ్ నాది. మండిపోతున్నప్పుడు ఎదురుగా ఏముంటే అది విసిరేస్తాను. అనకూడని మాట అది. తప్పే." అంతే అంది. ఆ తర్వాత ఇద్దరూ మధ్యాహ్నం దాకా ఎర్ర ముడులు, నీలం ముడులు తెంపుతూ కూర్చున్నారు. మర్నాడు తూబా ఇంట్లో చేసిన ఖర్జూరపు కులుంపే రొట్టెలు గుడ్డలో చుట్టి తెచ్చింది. పెద్ద రొట్టె ఎవరికిచ్చిందో అందరూ చూశారు, చూడనట్టు ఊరుకున్నారు.

మంగళవారం సాయంత్రానికి పదహారు రోజుల పని దారప్పోగులై బుట్టలోకి చేరింది. బుధవారం పొద్దున గోలందామ్ పీట ఎక్కింది. గుక్కెడు నీళ్ళు తాగి కాగితం మీద వేలు పెట్టింది.

"మూడు ఎరుపు..."

"వేశాం."

"ఒకటి నీలం, పక్కన పిస్తా పచ్చ..."

"వేశాం, వేశాం."

అందరూ అనేదాకా ఆగి తర్వాతి రంగు పాడింది. ఎప్పటి నుంచో వింటున్న రాగమే, కాకపోతే ఇప్పుడందులో ఊపిరి పీల్చుకునే చోటుంది. దువ్వెనలు ఒక్కసారిగా పడ్డాయి, మెత్తగా. మధ్యలో ఒకసారి తూబా రంగు తప్పితే గోలందామ్‌కి చురుక్కుమంది. వేలు తీసి "టీ" అంది. ఏడుగురూ వెనక్కి తిరిగి చూశారు. ఇప్పుడా మాటకి అర్థం అందరికీ తెలుసు కాబట్టి తూబా కూడా నవ్వేసి, తప్పు ముడి తనే విప్పుకుంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఎవరూ భుజం పట్టుకోలేదు. చాలా నాళ్ళ తర్వాత గోలందామ్‌కి గట్టిగా ఆకలి వేసింది, పడుకోగానే నిద్ర పట్టింది.

గురువారం వచ్చింది. తాడు రోజు.

"ఇన్నాళ్ళూ మేకుకి వేలాడి తాడు సాగి ఉండొచ్చు," అంది గోలందామ్ ఫర్రూఖ్‌తో. "కింది సగం చుట్ట విప్పి, బీబీ నేయించిన పువ్వులతో ఒకసారి సరిచూసుకుంటాను. మళ్ళీ తప్పు చెయ్యదలుచుకోలేదు."

అతనికీ అది సబబనిపించింది. తనే ఓ చెయ్యి వేసి, ఇంకో ఇద్దరు మగవాళ్ళ సాయంతో కింది దూలం వదులు చేశాడు. నెలల తరబడి చుట్టుకుని ఉన్న తివాచీ మెల్లగా బయటికొచ్చింది. ఆడవాళ్ళు తాము నేసిందే అయినా మొదటిసారి చూస్తున్నట్టు దగ్గరికి చేరారు. తాడు ఒక కొస గోలందామ్ పట్టుకుంది, రెండోది తూబా. ముడి ముడికీ పువ్వు సరిగ్గా అందుతోంది. తాడు సాగలేదు. బీబీ ఖావర్ పాట అంత నికరమైనదని గోలందామ్ మనసులో దణ్ణం పెట్టుకుంది.

తొమ్మిదో పువ్వు దగ్గర తాడు కలవలేదు.

మళ్ళీ బిగించి చూసింది. పువ్వు ఒక వేలు పొట్టిగా ఉంది. దాని తర్వాత నేసిన పువ్వు ఒక వేలు పొడుగ్గా ఉంది. ఎవరో ముందు గట్టిగా తరిమి, ఆ తర్వాత కావాలని నెమ్మది చేసి, లెక్క సరిపెట్టారు. అరచేయి పెట్టి నిమిరితే వరస ఎక్కడా వంగలేదు. ఏడుగురూ ఒకేలా కొట్టారు.

"బీబీయా?" అంది సనోబర్. "బీబీకి కోపమొచ్చిందా? ఇరవై ఏళ్ళలో ఆమె గొంతు పెరగడం నేను వినలేదే!"

గోలందామ్ పువ్వుల్ని లెక్కపెట్టుకుంటూ రోజుల్ని వెనక్కి నడిపించింది. ఆ తొమ్మిదో పువ్వు అయ్యాక బీబీ ఒక్క పువ్వే పాడింది. ఆ వెంటనే గొంతు పోయిందని చెప్పి పీట దిగింది. తాడు రెండో కొస వైపు చూసింది. తూబాలో ఆశ్చర్యం లేదు. ఆ గురువారం కూడా ఆ కొస పట్టుకున్నది ఆమే కదా.

"మీకు తెలుసు," అంది గోలందామ్.

"కొలిచిన రోజే తెలుసు. ఎవరితోనూ అనొద్దంది బీబీ." తూబా ఆ పొట్టి పువ్వు మీద వేలు పెట్టింది. "ఒక్కటి మాత్రం చెప్తాను అమ్మాయ్, ఇన్నాళ్ళూ నాకు మింగుడుపడనిది. ఈ పువ్వు నేసిన వారం బీబీ గొంతుకి ఏ జబ్బూ లేదు. గంటలా మోగుతోంది."

అందరికన్నా ముందు కదిలింది ఫర్రూఖ్. దూలం పిడి పట్టుకుని తివాచీని వెనక్కి చుట్టడం మొదలుపెట్టాడు.

"చుట్టెయ్యండి. కొలత అయిపోయిందిగా. పాత సంగతులెందుకు ఇప్పుడు," అన్నాడు.

ఉప్పు అడగాలన్నా అరిచే మనిషి మెల్లగా అన్నాడు. ఎంత మెల్లగా అంటే చివర కూర్చున్న సనోబర్‌కి వినిపించనే లేదు. ఆ గొంతు వినగానే, బీబీ కోపం ఎవరి మీదో తోచి, గోలందామ్ తాడు కొసను పిడికిలి చుట్టూ ఒక మెలిక తిప్పుకుంది. తొమ్మిదో పువ్వు మీద చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడింది.

"టీ పెట్టు సనోబర్," అంది. "ఆఘా ఫర్రూఖ్ కూడా తాగుతారు."